మాంగోలో మూడు బీప్‌లు

నేను వెళ్ళినప్పుడల్లా ఆ కంప్యూటర్ బుద్ధిగా లేచి కూర్చునేది.

అదీ నా ఖర్మ. టాటానగర్ సాక్చి బజారులో మా కంప్యూటర్ రిపేరు షాపు దగ్గర బయల్దేరి, వానలో, నది అవతల మాంగో పేటకెళ్ళే వంతెన మీద ఆటోల మధ్య అరగంట ఇరుక్కుని, తడిసిన బూట్లతో మూడంతస్తులెక్కి బటన్ నొక్కితే చాలు, టక్కున వెలిగేది.

"చల్ తో రహా హై, మేడమ్" అన్నాను మొదటిరోజు, బాగానే నడుస్తోంది కదా అన్నట్టు.

ఆ మేడమ్ పేరు రోహిణి. స్క్రీన్ వైపు కోపంగా చూసి, వంటింటి వైపు తిరిగింది.

"అమ్మా, ఈయనకేటీ రాదే! షాపోళ్ళు ఎవర్నో ఒకర్ని పంపేసినట్టున్నారు" అంది తెలుగులో.

"రాకపోతే నేర్చుకుంటానండీ. ముందది నా ఎదురుగా పాడవ్వాలి కదా" అన్నాను నేనూ తెలుగులోనే.

ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. వాళ్ళమ్మ అమ్మణ్ణి గరిటెతో సహా బయటికొచ్చింది.

"మనోడే! పేరేటి బాబూ?"

"జయప్రకాష్. మా నాన్నది రైల్వే, టాటానగర్‌లోనే ఉంటాం ఆంటీ."

"ఆంటీయేటి? పిన్నీ అను."

పిన్ని కూతురంటే చెల్లెలవుతుంది. ఎంత అలసిపోయి ఉన్నా ఆ వరస మాత్రం నాకు చటుక్కున తట్టింది.

"ఠీక్ హై, ఆంటీ" అన్నాను.

రోహిణి నన్నొకసారి ఓరగా చూసి, మళ్ళీ కీబోర్డు దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.

ఆమె ఊరి పక్క గమ్హరియాలో ఫ్యాక్టరీకి కూలీల్ని పంపే ఒక లేబర్ కాంట్రాక్టరుకి ఇంట్లోంచే పని చేస్తుంది. ఆరోజు డ్యూటీకి వచ్చే అరవై మంది పేర్లూ పొద్దున్న ఏడు లోపల ఫ్యాక్టరీ గేటుకి పంపాలి. లిస్టులో పేరు లేనివాడు టిఫిన్ డబ్బాతో అలాగే ఇంటికి తిరిగిపోవాలి. ఆ లిస్టు తయారుచేసే ప్రోగ్రామ్ ఈ కంప్యూటర్‌లోనే ఉంది. ఇదేమో ఆరున్నరకి మూడు బీప్‌లు కొట్టి నల్లగా ఉండిపోతుంది. ఒక్కోరోజు ఏడు లోపలే, ఒక్కోరోజు తొమ్మిదికి దానంతటదే లేస్తుంది. నేను వెళ్ళేది పదకొండుకి.

అప్పటికే రెండుసార్లు లిస్టు లేటయింది. "మూడోసారైతే వేరేవాళ్ళని చూసుకుంటాను" అన్నాడట కాంట్రాక్టరు.

రెండు నెలల్లో ఐదుసార్లు వెళ్ళాను. మెమరీ మార్చాను, పవర్ సప్లై మార్చాను, కేబుల్స్ మార్చాను. మార్చనిది ఆ టేబుల్ ఒక్కటే. మా షాపు ఓనర్ సౌరభ్ భయ్యా కంప్లయింట్ల పుస్తకం చూసి "ఫిర్ వహీ ఘర్? లడ్కీ దేఖ్‌నే జాతా హై క్యా?" అని, నేను పిల్లని చూడ్డానికే వెళ్తున్నట్టు నవ్వాడు. నవ్వడానికి నాకు ఓపిక లేదు.

ఆరోసారి ఫోన్ వచ్చేసరికి వానలో ఇంకెవరిదో ప్రింటర్ మోసుకెళ్తున్నాను.

"మళ్ళీ మూడు బీప్‌లు. ఏడుకి రెండు నిమిషాలుందనగా లేచింది. నా గుండె ఆగిపోయింది" అంది రోహిణి. ఆ వెంటనే, "మీరు కావాలనే సరిగ్గా చెయ్యట్లేదని అమ్మ అంటంది" అంది.

"నేనా? ఎందుకూ?"

"మళ్ళీ మళ్ళీ రాడానికి."

"ఏ సరదాకి? మీ మూడంతస్తులు ఎక్కడానికా?"

అలసటలో నోరు జారింది. ఆమె ఫోన్ పెట్టేసింది. ప్రింటర్ బరువు ఒక్కసారిగా రెట్టింపయినట్టనిపించింది.

ఆ సాయంత్రం పాత జాబ్ కార్డులన్నీ ముందేసుకుని తేదీలు చూశాను. ఒక వారం పాడు, రెండు వారాలు బాగు. మళ్ళీ ఒక వారం పాడు, రెండు వారాలు బాగు. మా ఊళ్ళో ఇలా వారాల లెక్కన తిరిగేది ఒక్కటే ఉంది, స్టీల్ ప్లాంట్ షిఫ్ట్. వెంటనే ఫోన్ చేశాను.

"మీ ఇంట్లో షిఫ్ట్ డ్యూటీ ఎవరిది?"

"నాన్నది." ఇంకా ముభావంగానే అంది. "ఏటి?"

"ఈ వారం ఏ షిఫ్ట్?"

"ఎ-షిఫ్ట్. తెల్లవారి ఐదింటికే ఎల్లిపోతాడు."

"రేపు ఐదింటికి ముందే వత్తాను."

"మీరా? మూడంతస్తులూ ఎక్కాల కదా!"

"ఎక్కుతాను. పొద్దున్న అన్నదానికి సారీ."

మళ్ళీ ఫోన్ పెట్టేసింది. కానీ మర్నాడు నేను వెళ్ళేసరికి తలుపు తీసి ఉంది. రోహిణి నిద్రకళ్ళతో టీ గ్లాసు చేతికిచ్చింది. పంచదార రెండు చెంచాలు ఎక్కువే పడింది.

ఆమె నాన్న తవిటయ్యగారు ప్లాంట్ యూనిఫామ్‌లో ఉన్నారు, హెల్మెట్ కుర్చీలో ఉంది. నన్ను చూసి తలూపి, ఇత్తడి చెంబులో పసుపు నీళ్ళు పట్టుకుని దేవుడి పటాల దగ్గర పూజ ముగించారు. తర్వాత ఇటు తిరిగి, ఒక మందారపువ్వు ఆ నీళ్ళలో ముంచి, సీపీయూ నెత్తిన మూడుసార్లు చల్లారు. సరిగ్గా ఫ్యాన్ కన్నాల మీద. బొట్టు పెట్టి, రెండు చేతులూ కళ్ళకద్దుకున్నారు.

టీ గ్లాసు కింద పెట్టేశాను. మధ్యాహ్నం బి-షిఫ్ట్‌కీ రాత్రి సి-షిఫ్ట్‌కీ ఆయన పూజ పొద్దెక్కాక. అప్పటికి రోహిణి పని అయిపోతుంది, తడి మర్నాటికల్లా ఆరిపోతుంది. ఎ-షిఫ్ట్ వారంలో మాత్రమే, మెషీన్ తడిగా ఉండగానే ఆమె బటన్ నొక్కుతోంది.

రోహిణికీ అర్థమయింది. నా చొక్కా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"నేనీ టైముకి ఎప్పుడూ లేవలేదు. నాకు తెల్దు" అంది గుసగుసగా. "నాన్నకి చెప్పకండి. ప్లాంట్‌లో కూడా ఇలాగే రోజూ దండం పెట్టి మెషీన్ ముట్టుకుంటాడు. ఇరవయ్యెనిమిదేళ్ళయింది, చేతికి గీత పడలేదు. ఇది నా కోసం చేత్తన్నాడు."

చెప్పకపోతే ఆమె పని పోతుంది. చెబితే ఆయన మనసు విరుగుతుంది. ఇలాంటివి ఏ సర్వీస్ మాన్యువల్లోనూ ఉండవు.

"అంకుల్, ప్లాంట్‌లో మోటర్ ప్యానెల్‌కి కూడా పూజ చేత్తారా?" అన్నాను.

"చెయ్యమేటి! విశ్వకర్మ పూజకి దండేసి బొట్టెడతాం."

"నీళ్ళు చల్లుతారా?"

"ప్యానెల్ మీద నీళ్ళేటి బాబూ! షార్ట్ అయిపోదూ..."

అక్కడితో ఆగిపోయారు. చేతిలో పువ్వు వైపు చూశారు. సీపీయూ వైపు చూశారు. నేను మెల్లగా పక్క మూత విప్పాను. లోపల బోర్డు మీద పాత పసుపు మరకలు, వాటి పక్కన ఇప్పుడే పడిన చుక్కలు.

ఆయన హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. "నా పిల్ల పనికి అడ్డం నేనేనా?" అన్నారు. ఆ గొంతు విని నాకు చాలా కష్టంగా అనిపించింది.

"అడ్డమేటి నాన్నా. ఇన్ని నీళ్ళు పడ్డా అది కాలిపోలేదంటే నీ దండమే" అంది రోహిణి.

"దండం ఆపకండి అంకుల్. బొట్టు కూడా ముందువైపు పెట్టుకోండి. నీళ్ళు మాత్రం పటాలకే" అన్నాను.

ఆయన తలూపి డ్యూటీకి బయల్దేరారు. మెట్ల దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు.

చుక్కలు తుడిచి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టి, ఆరుకి పది నిమిషాలుందనగా బటన్ నొక్కాను. ఒకే బీప్. వెలిగింది. ఆమె చకచకా లిస్టు పంపేసింది, అరవై పేర్లూ. బయట వాన తగ్గింది. నాకు రావలసిన సంతోషం రాలేదు.

"సంతకం పెట్టండి. కేస్ క్లోజ్" అని జాబ్ కార్డు ముందుకి తోశాను.

రోహిణి పెన్ను తీసుకుంది కానీ కార్డు ముట్టుకోలేదు.

"ముందొకటి చెప్పండి. మొదటిరోజు అమ్మ పిన్నీ అనమంటే ఎందుకనలేదు?"

రెండు నెలల అలసట ఒక్కసారిగా మీద పడింది. దాచే ఓపిక కూడా మిగల్లేదు.

"మీరు నాకు చెల్లెలైపోతారని. ఈ కంప్యూటర్ బాగుపడినందుకు నాకు చాలా బాధగా ఉంది రోహిణిగారూ. మీరంటే నాకిష్టం. మూడంతస్తులున్నా ఇష్టమే."

ఆమె ఏదో అనబోయింది. ఈలోగా టేబుల్ మీద ఆమె ఫోన్ మోగింది. ప్లాంట్ గేటు దగ్గర్నుంచి తవిటయ్యగారు. స్పీకర్ నొక్కింది.

"లేచిందేటమ్మా?"

నన్నే చెప్పమని రోహిణి సైగ చేసింది.

"లేచింది అంకుల్. లిస్టు కూడా ఎల్లిపోయింది."

అవతల పెద్ద నిట్టూర్పు. వెనకాల సైకిళ్ళ గంటలు.

"అంకులేటి బాబూ, బయటోడిలాగ! పిన్నీ అనడం నీకిష్టం లేదని మా ఆవిడ అప్పుడే చెప్పింది. మావయ్యా అను."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను రోహిణి వైపు చూశాను. ఆమె కార్డు వైపు చూస్తోంది, పెన్ను గాల్లోనే ఉంది.

"సరే... మావయ్యా" అన్నాను.

రోహిణి సంతకం పెట్టింది.