నాలుగో కంప్యూటర్

ఏలూరు పవర్‌పేటలో పట్టపగలు పేలిన తూటా కిటికీ అద్దాన్నీ, దాని వెనకున్న మానిటర్‌నీ ఒక్క దెబ్బకు బద్దలు కొట్టింది. కాఫీ చల్లారిపోతోందని హన్నమ్మ గారు రెండోసారి కేకేయబట్టి ఆవిడ భర్త రాజరత్నం గారు బతికిపోయారు గానీ, లేకపోతే ఆ మానిటర్ ముందు కుర్చీలోనే ఉండేవారు.

ఆయన నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. శత్రువుల సబ్‌మెరైన్లను నీటి అడుగునే పసిగట్టే యంత్రానికి డ్రాయింగులు గీస్తున్నారు. ఒక విదేశీ ముఠాకు ఆ డ్రాయింగులు కావాలి, గీసిన మనిషి ఉండకూడదు.

ఆ సాయంత్రం భీమడోలు స్టేషన్లో, చేపల బుట్ట ముందు కూర్చున్న ముసలాయన దగ్గర ఒక అమ్మాయి ఆగింది.

"కొరమీను ఉందాండీ?"

"బూడిద తెచ్చుకుంటేనే ఇస్తానండీ. చేతిలోంచి జారిపోద్ది."

కోడ్ సరిపోయింది. ముసలాయన సీక్రెట్ సర్వీస్ చీఫ్ సూర్యప్రకాశరావు. అమ్మాయి ఏజెంట్ మెర్సీ.

"దంపతులిద్దర్నీ ఢిల్లీ చేర్చు. తోడుగా ఏజెంట్ క్రిస్టినా వస్తుంది. వైర్‌లెస్‌లో ఆ అమ్మాయిని మించినవాళ్లు మన దగ్గర లేరు."

నల్ల కళ్లద్దాలతో క్రిస్టినా ప్లాట్‌ఫారం మీద నడిచొస్తుంటే, టీ పోసేవాడు గ్లాసు నిండినా చెయ్యి ఆపలేదు. చెప్పొద్దూ, అంత అందగత్తె.

కానీ ఏలూరులో హన్నమ్మ గారు ఒక్క మాటతో ప్లానంతా తిప్పికొట్టారు.

"తూటా మా కిటికీలోంచి వస్తే మేం గుమ్మంలోంచి పోవాలా? పోం."

"ప్రాణాలకే ప్రమాదం పిన్నిగారూ..." అంది మెర్సీ.

"రేపు శుక్రవారం. మా ఇంట్లో ప్రార్థన కూడిక. పేటంతా పిలిచాను. అదీ ఆపను."

"ఆవిడ మాటే నాదీనండీ," అన్నారు రాజరత్నం గారు, పగిలిన గాజు ఊడుస్తూ.

అప్పుడు క్రిస్టినా చిరునవ్వుతో ముందుకొచ్చింది. "ఇంటర్నెట్ వైరు ఆ కిటికీ దాకానే ఉంది. అందుకే బాబాయిగారు అక్కడ దొరికారు. మూడు గదుల్లో మూడు కంప్యూటర్లు పెట్టి వైర్‌లెస్‌తో కలుపుతాను. ఆయన ఏ గదిలో పనిచేస్తున్నారో బయటివాడికి అంతుపట్టదు."

మధ్యగదిలో బీరువా మీద రెండు కొమ్ముల రూటర్ వెలిసింది. పాస్‌వర్డ్ క్రిస్టినాయే పెట్టింది. మర్నాడు కూడిక మొదలవకముందే, ఏదో సామాను తేవాలని తాడేపల్లిగూడెం బయలుదేరింది.

ఇల్లంతా చాపలు, పాటలు. మెర్సీ ఎందుకో అనుమానం వచ్చి రూటర్ పేజీ తెరిచింది. ఇంట్లో ఉన్నవి మూడు కంప్యూటర్లు. నెట్‌వర్క్‌లో ఉన్నవి నాలుగు! ఆ నాలుగోది డ్రాయింగుల్ని కాపీ చేసుకుంటోంది.

కిటికీ సందులోంచి చూస్తే వీధి మలుపులో నీలం వ్యాను. ఒళ్లో లాప్‌టాప్‌తో క్రిస్టినా! నిన్న తూటాకు దారి చూపిందీ ఈవిడేనన్నమాట.

మెర్సీ సెల్‌ఫోన్ తీసి చీఫ్‌కు సంగతి చెప్పింది. ఆయన గొంతు గట్టిగా పలికింది. "భీమడోలు నుంచి జీపులు పంపుతున్నా. అందాకా కదలనివ్వకు."

"దానికింత ఆలోచనేంటి? ప్లగ్ పీకెయ్యి," అన్నారు హన్నమ్మ గారు.

"పీకితే పసిగట్టి మాయమైపోద్దండీ. మళ్లీ ఏ వేషంలో వస్తుందో, తూటా ఎటునుంచి వస్తుందో. సిగ్నల్ అందాలి, కానీ చాలకూడదు."

"ఏది అడ్డొస్తే చాలదు?"

"నీళ్లండీ. మనిషి ఒంట్లో ఉండేదీ నీళ్లేగా. మనుషులు గుంపుగా అడ్డుంటే నీరసపడుద్ది."

హన్నమ్మ గారు పక్కింటి మణెమ్మ చెవిలో సంగతి చెప్పారు. అది చాప నుంచి చాపకు పాకింది. ఒక్కరూ ఇంటికి పోలేదు.

"లోపల ఉక్కగా ఉందండీ, చాపలు వీధిలో వేద్దాం!" అని మణెమ్మ గట్టిగా అంది.

వీధి నిండింది. కాపీ నత్తనడక పట్టింది. సిగ్నల్ కోసం వ్యాను కాస్త ముందుకొచ్చింది. ఇంకో వరస కూర్చుంది. వ్యాను ఇంకాస్త జరిగింది. అలా అలా గేటు దాకా వచ్చేసింది. ఈలోపు దాని వెనకా చాపలు పరిచేశారు.

"కాళ్లు చాపుకోండమ్మా, ఇక్కడ బోలెడు చోటుంది," అంది మణెమ్మ, వెనక చక్రానికి ఆనుకుని.

దూరంగా జీపుల మోత వినపడింది. క్రిస్టినా అదేపనిగా హారన్ కొట్టింది.

"ప్రార్థనలో హారనేంటమ్మా?" హన్నమ్మ గారు బానెట్ ముందు నిలబడ్డారు.

వ్యాను కిటికీలోంచి పిస్తోలు వచ్చింది. "తప్పుకో ముసలిదానా! కాల్చేస్తా!"

"నిన్నటి తూటాకే తప్పుకోలేదు. నీకు తప్పుకుంటానా?"

లాప్‌టాప్‌లో కాపీ గీత తొంభైతొమ్మిది శాతానికి చేరింది. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా లేచి, పాట ఆపకుండానే వ్యానును నలుపక్కలా కమ్మేశారు. కాపీ అక్కడే ఆగిపోయింది. క్రిస్టినా చూపు తెర మీదికి మళ్లిన ఆ క్షణాన, మెర్సీ అవతలి తలుపు లాగి పిస్తోలున్న చెయ్యి మెలిపెట్టింది. రెండో చేత్తో లాప్‌టాప్ టప్పున మూసేసింది.

సంకెళ్లు పడ్డాక చీఫ్ ఫోన్ చేశారు. "శభాష్! సిగ్నల్‌ని ఆపిన ఆ గాడ్జెట్ ఏదో వెంటనే ఢిల్లీ పంపు!"

మెర్సీ ఆ మాట చెప్పి, ఫోన్ హన్నమ్మ గారి చేతికిచ్చింది.

"ఢిల్లీ మావల్ల కాదండీ," అన్నారావిడ. "వచ్చే శుక్రవారం పెంటపాడులో కూడిక ఉంది. అవసరమైనవాళ్లను అక్కడికే రమ్మనండి."