రెప్ప వేయని చూపు

"ఏమండీ, నా కోసం రోజూ ఏడుస్తున్నారంట?"

శనివారం సాయంత్రం మా వాకిట్లో నిలబడి సువార్త నాతో అన్న మొట్టమొదటి మాట అది. పక్కింటి అమ్మాయి. తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రేపల్లెలో మేము వాళ్ల పక్కింట్లో అద్దెకు దిగి మూడు నెలలైనా ఇద్దరం ఎప్పుడూ పలకరించుకోలేదు. నేను బిత్తరపోయాను.

జరిగింది ఏమిటంటే, ఆ మధ్యాహ్నం మా అమ్మ కృపమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. మావాడు మీ పిల్ల మీద బెంగతో రోజూ ఏడ్చి చిక్కిపోతున్నాడు, పెళ్లి చేసేద్దాం అని వాళ్లమ్మ అన్నమ్మగారిని అడిగేసింది.

అమ్మను అనడానికి లేదు. అది పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం. నేను బాపట్లలో బి.ఇడి. చదువుతున్నాను. మొదటి ప్రాక్టీసు పాఠానికి ఎనిమిదో తరగతి పిల్లల ముందు చాక్‌పీసు పట్టుకుని నిలబడితే నోరు పెగల్లేదు. సోమవారం రెండో అవకాశం. అదీ పోతే ఏడాది చదువు పోయినట్టే. ఎవరికీ చెప్పుకోలేక, చిన్నప్పటి డ్రాయింగు మాస్టారు బసవేశ్వరరావుగారికి మాత్రం చెప్పాను. ఆయన త్రాటకం నేర్పారు. చేయి చాచినంత దూరంలో కొవ్వొత్తి పెట్టుకుని రెప్ప వేయకుండా చూడాలి. కళ్లలో నీళ్లు నిండాక కళ్లు మూసుకుని, లోపల కనిపించే వెలుగును చూస్తూ ఉండాలి. మనసు నెమ్మదిగా కుదురుకుంటుందన్నారు.

రోజూ తెల్లవారుతుండగా కొవ్వొత్తి కిటికీ ముందు పెట్టుకుని అదే చేస్తున్నాను. అమ్మ చూసింది నా చెంపల మీది నీళ్లను. నా చూపు వెంటే కిటికీలోంచి చూస్తే, బోరింగు దగ్గర బిందె నింపుకుంటూ సువార్త. అమ్మకు అంతా అర్థమైపోయింది.

సువార్త అడిగినదానికి అవునంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. దగ్గరగా చూస్తే, కోరి ఏడ్చినా తప్పులేదనిపించేలా ఉంది మరి ఆ అమ్మాయి. కానీ అబద్ధం చెప్పలేకపోయాను.

"మీ కోసం కాదండి. భయం పోవడానికి," అని తడబడుతూ అంతా చెప్పాను.

కొవ్వొత్తిని చూస్తే భయాలు పోయేటట్టయితే తమ ఆసుపత్రి మూసుకోవచ్చు అంది సువార్త. ఏదీ చూద్దామని ముందుగదిలో నేను వెలిగించి పెట్టిన కొవ్వొత్తి ముందు కూర్చుంది. వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆపేసింది.

రెండు నిమిషాలకు ఆమె కళ్లు నిండాయి. మూసుకుంది. నీళ్లు మాత్రం ఆగలేదు.

"మొన్న మా వార్డులో మూడు రోజుల పసిగుడ్డు పోయాడండి," అంది. "నేనే గుడ్డలో చుట్టి వాళ్లమ్మ చేతుల్లో పెట్టాను. ఆవేళ నాకు ఏడుపు రాలేదు. ఇవాళే వచ్చింది."

ఆమె కుదుటపడేదాకా ఎదురుగా కూర్చున్నాను. నాకు సువార్త మీద ప్రేమ కలిగింది అప్పుడే. ఆమె వెళ్లాక అమ్మతో మాట్లాడాను.

సోమవారం పొద్దున, బాపట్ల బండి మారడానికి నేను ఎక్కిన తెనాలి ప్యాసింజరులో ఆమె నా ఎదుటి సీట్లో కూర్చుంది. మీ అమ్మగారికి ఏం చెప్పారని అడిగింది. క్లాసులో కొట్టుకున్నట్టే గుండె కొట్టుకుంది. చూపు తిప్పుకోకుండా ఊపిరి పీల్చుకున్నాను.

"అమ్మా, నువ్వు పొరపాటు పడ్డావని చెప్పానండి. అడిగిన సంబంధం మాత్రం వెనక్కి తీసుకోవద్దన్నాను."

సువార్త కిటికీ వైపు తిరిగింది. బయట సన్నటి జల్లు పడుతోంది. తెనాలి వచ్చేదాకా అటే చూస్తూ కూర్చుంది. అంతా అయిపోయిందనుకుని దిగులు పడ్డాను.

స్టేషన్లో దిగుతూ గొడుగు తెరిచింది.

"ఇంత మాట తడబడకుండా చెప్పారు కదండీ, ఇంక పిల్లలంటే భయమేంటి? వెళ్లి పాఠం చెప్పి రండి. సాయంత్రం మా అమ్మతో నేను మాట్లాడతాను."

ఆ రోజు బాపట్లలో నా పాఠం ఎంతకీ అయిపోలేదు. గంట కొట్టాక సూపర్‌వైజరుగారే లేచి, ఇంక చాలు ఆపవయ్యా అన్నారు.