లైన్ల మధ్య దూరం

అత్వెల్లి దగ్గర హైవే దాటుతున్న సోమయ్యను లారీ గుద్దినప్పుడు ఎండ నడినెత్తి మీదుంది. డ్రైవర్ హారన్ కొట్టలేదు. బ్రేకూ వెయ్యలేదు. పంక్చర్ షాపు ముందు కూర్చున్నవాళ్లు లేచి పరుగెత్తేలోగా లారీ కనుమరుగైపోయింది. దానికి ముందూ వెనకా నంబర్ ప్లేటు లేదన్న సంగతి వాళ్లకు తర్వాతెప్పుడో తట్టింది.

పోలీసు రికార్డులో అది రోడ్డు ప్రమాదం. మాధవీలత లెక్కలో హత్య.

ఢిల్లీకి తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పనక్కర్లేని ఓ చిన్న గూఢచారి విభాగానికి మాధవీలత హైదరాబాద్ చీఫ్. శామీర్‌పేట చెరువు కట్ట పక్కన ఆపిన కారులో ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. వెనక సీట్లో ఏజెంట్ జాషువా.

"సోమయ్య మేడ్చల్‌లో చిత్రలేఖ లేబుల్స్ అనే ప్రెస్‌లో డిజైనర్. మందుల సీసాలకు లేబుళ్లు తయారుచేసే చోటు."

"మన మనిషేనా మేడమ్?"

"కాదు. ఎవరి మనిషని అడిగితే ఏ విభాగమూ నోరు విప్పడం లేదు. చనిపోయే ముందు మన నంబర్‌కు ఫోన్ చేసి ఒకే ముక్క చెప్పాడు. నీళ్ల సీసాలో ఉన్నది నీళ్లు కాదు."

ఆవిడ అద్దంలోంచి అతని ముఖం చూస్తూ విషయం చెప్పింది. ఇక్కడి మందుల కంపెనీ ఒకటి పసిపిల్లల టీకా పొడిని, అది కలపడానికి శుభ్రమైన నీళ్ల సీసాల్ని విదేశాలకు పంపుతోంది. ఎగుమతి ఏజెంటు బుల్లిబాబు. అతని వెనక ఓ విదేశీ ముఠా ఉంది. ఆపరేషన్ థియేటర్‌లో ఊపిరి కండరాలను పడుకోబెట్టే మందు సీసాలకు ఈ నీళ్ల లేబుల్ అంటించి ఆ ఎగుమతి సరుకులో కలిపేస్తారు. అక్కడెక్కడో నర్సు లేబుల్ చూసి నమ్మి సూది వేస్తుంది. పిల్లలు పోతారు. ఆ తర్వాత మన దేశపు మందు ఎవరూ కొనరు.

"ప్రెస్‌లో ఆర్ట్ డైరెక్టర్ తేజస్వి. బుల్లిబాబుతో కార్లో తిరుగుతుంది. ముఠా మనిషని అనుమానం. ఆమె కింద ట్రైనీగా చేరు. పేరు రాఘవేందర్. డిజైన్ గురించి ఏం తెలుసు?"

"ఏం తెల్వదు."

"మంచిది. నటించే పని తప్పింది." ఆవిడ రెండు వస్తువులు వెనక్కి అందించింది. ఒకటి లావు ఫ్రేమ్ కళ్లద్దాలు. వాటి కాడ నొక్కి మాట్లాడితే ఆవిడకు వినిపిస్తుంది, ఆవిడ మాట అతనికీ వినిపిస్తుంది. రెండోది ప్రింటింగ్ వాళ్లు రంగు చుక్కలు చూసుకునే చిన్న భూతద్దం. లోపల కెమెరా. "పని పూర్తయితే 'ఇంకు ఆరింది' అను. అప్పటిదాకా తెలిసినవాళ్ల కంట పడకు."

తెలిసినవాళ్లంటే అల్వాల్‌లో ఉన్న అక్క ప్రిస్కిల్లా ఒక్కతే. తమ్ముడు ఓడలో పనిచేస్తున్నాడని ఆమె నమ్మకం. మేడ్చల్ రైలు అల్వాల్ మీదుగానే పోతుంది. జాషువా కిటికీ వైపు కూర్చోలేదు.

*

తేజస్వి పొట్టి జుట్టుతో, ముదురు లిప్‌స్టిక్‌తో, ఇస్త్రీ చెదరని నూలు చీరతో ప్రెస్‌లోకి వస్తే మెషీన్ల దగ్గర మాటలు ఆగేవి. కొంపల్లిలో విల్లా. ఎర్ర కారు. ఎవరితోనూ అవసరానికి మించి మాట్లాడదు. కానీ పాఠం చెప్పేటప్పుడు మాత్రం వేరే మనిషి.

"మన తెలుగు అక్షరానికి తలకట్టు ఉంటది గదా. అట్లనే ఇంగ్లిష్ అక్షరాలు కొన్నిటికి పాదాల కాడ సన్న గీతలుంటయి. గవే సెరిఫ్. ఆ పాదాలు లేనియి సాన్స్ సెరిఫ్. ఇగ చెప్పు, ఇది ఏంది?"

"సెరిఫ్ మేడమ్."

"కాదు. మంచిగ చూడు."

అతను భూతద్దం పెట్టి చూశాడు. పాదాలు లేవు. చూసే ముందే జవాబు చెప్పేశాడు. ఆమె తిట్టలేదు. మళ్లీ చూపించింది.

రెండు అక్షరాల మధ్య సందు సర్దడం కెర్నింగ్. రెండు లైన్ల మధ్య దూరం లీడింగ్. ఈ రెంటినీ అతను తారుమారు చేసేవాడు. "మల్ల తప్పు జెప్పినవంటే నీకు చాయ్ బంద్," అనేది ఆమె. లేబుల్ మీద కన్ను మొదట దేని మీద పడాలో ఆ వరసను హైరార్కీ అంటారు. సీసా మీద ముందు మందు పేరు కనపడాలి, ఆ తర్వాత మోతాదు, కంపెనీ గొప్పలు చివరికి. కాగితం కోసే గీత దాటి రంగు కొంచెం బయటికి పోనిస్తారు. కత్తి అటూ ఇటూ జరిగినా అంచున తెల్ల చార కనపడకూడదు. ఆ బయటి ముక్క బ్లీడ్.

"మరి ఆ ముక్క ఏమైతది?" అని అడిగాడతను.

"చెత్త బుట్టల పడతది. లేబుల్ మంచిగున్నదంటే అది ఉన్నందుకే. కానీ దాన్ని ఎవ్వరు చూడరు."

ఆమె ఆ మాట కంప్యూటర్ వైపు చూస్తూ చెప్పింది.

మధ్యాహ్నం అందరూ కింద తింటే వాళ్లిద్దరూ పైన స్టూడియోలోనే డబ్బాలు విప్పేవారు. ఒకరి కూర ఒకరికి వేసుకునేంత చనువు లేదు. అయినా మేడ్చల్ బస్టాండ్ వెనక గదిలో ఒంటరిగా పడుకున్నప్పుడు, రేపు ఏం నేర్పుతుందోనని ఎదురుచూస్తున్నానని అతనికి అర్థమైంది. ఒక మనిషి తనకు ఓపికగా ఏదైనా చెప్పి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు.

పని మాత్రం ఆపలేదు. ఆర్డర్‌కు మించి నీళ్ల లేబుల్ రోల్స్ అచ్చవుతున్నాయి. ప్రతి రోల్ మీద తేజస్వి సంతకం. అవి బుల్లిబాబు అత్వెల్లి గోడౌన్‌కు పోతున్నాయి. అతను అన్నీ ఫొటో తీసి పంపాడు. ఆమె సంతకం ఉన్న ఫొటోలు పంపేటప్పుడు వేలు కాస్త ఆగింది. అయినా పంపాడు.

"రేపు మూడు లారీలు గోడౌన్ నుంచి కదులుతున్నాయి," అంది మాధవీలత గొంతు కళ్లద్దాల్లో. "రెండింట్లో అసలు సరుకు. ఒకదాంట్లో విషం. ఔటర్ రింగ్ రోడ్ జంక్షన్‌లో మూడూ మూడు దారులు పడతాయి. నా దగ్గరున్నది ఒకే జీపు. అసలు సరుకును ఎండలో ఆపితే టీకాలు పాడవుతాయి. ఏ లారీయో నువ్వే చెప్పాలి."

*

మర్నాడు పొద్దున బుల్లిబాబు స్టూడియోకి వచ్చి తేజస్వి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెల్ల చొక్కా, నవ్వు ముఖం, ఒళ్లో మడత పెట్టిన న్యూస్‌పేపర్. ఆ పేపర్ కింద ఏముందో జాషువాకు దాని బరువును బట్టి తెలిసింది.

"ఫోన్లు ఆ ట్రేలో పెట్టేయండి బాబూ," అన్నాడు బుల్లిబాబు మెత్తగా. "మన సరుకు రోడ్డెక్కేదాకా అంతా కబుర్లు చెప్పుకుందాం. తేజస్వి గారు ఇవాళ కాస్త కంగారుగా ఉన్నారండీ. పక్కన మనిషుంటే మంచిదని వచ్చాను."

ఆమె ముఖంలో రంగు మారలేదు. టేబుల్ మీది ప్రూఫ్, దిద్దడానికి తీసిన నమూనా అచ్చు, తీసి జాషువా ముందుకు జరిపింది.

"రాఘవేందర్, ఇండ్ల కరెక్షన్లున్నయి. కిందికి తీస్కపోయి మెషీన్ మీద చేయించు. ముందుగాల, ఈ రెండు లైన్ల మధ్య కెర్నింగ్ ఎక్కువైంది."

అతను పెన్సిల్ ఎత్తి ఆగిపోయాడు. లైన్ల మధ్య ఉండేది లీడింగ్. ఆమె నిద్రలో కూడా ఆ తప్పు చెయ్యదు.

తలెత్తాడు. ఆమె అతన్నే చూస్తోంది. ఆ చూపులో టీచర్ లేదు. దారి తప్పిన మనిషి చీకట్లో ఇంకొకర్ని పిలిచినట్టుంది.

"ఇంకేమన్న ఉన్నయా మేడమ్?"

"నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద మూడు బ్లాకులున్నయి. రెండు సాన్స్ సెరిఫ్. అవి కరెక్టే, ముట్టకు. ఒక్కటే సెరిఫ్. దాన్ని తీసెయ్యాలె. బ్లీడ్ దాటక ముందే. జల్దీ పో."

"మీరు?"

"నేనీడనే ఉంట."

"వెళ్లవయ్యా, చెప్పారుగా," అన్నాడు బుల్లిబాబు. డిజైన్ మాటలు వింటే అతనికి ఆవులింత.

జాషువా మెట్లు దిగాడు. వెనక్కి వెళ్లి ఆమెను విడిపించాలని కాళ్లు లాగాయి. లేబుల్ నమ్మి సూది వేసే నర్సు గుర్తొచ్చింది. నీలం మీద మూడు బ్లాకులంటే మూడు లారీలు. ప్రెస్ బైక్ స్టార్ట్ చేశాడు.

*

అతను జంక్షన్ చేరేసరికి మొదటి నీలం లారీ ర్యాంపు ఎక్కుతోంది. పక్కన ఇంగ్లిష్‌లో రాసిన ట్రాన్స్‌పోర్ట్ పేరు చూశాడు. అక్షరాలు నున్నగా ఉన్నాయి, పాదాల్లేవు.

"ఇది కాదు, పోనియ్యండి," అన్నాడు కళ్లద్దాల కాడ నొక్కి.

రెండోది దుమ్ము లేపుకుంటూ వచ్చింది. దాని వెనకే మూడోది. రెండోదాని మీద టార్పాలిన్ ఊడి పక్కకు వేలాడుతోంది. పేరు మొత్తం కప్పేసింది. బట్ట కింద అక్షరాల అడుగు అంచులు మాత్రమే కనిపిస్తున్నాయి. లారీ మలుపు తీసుకుంటోంది.

"ఏ లారీయో చెప్పు. జీపు తీయాలి," అంది మాధవీలత.

అతను ఈసారి చూసే ముందు జవాబు చెప్పలేదు. దుమ్ములో కళ్లు చికిలించాడు. ఒక్కో అక్షరం కింద సన్నటి గీత, చిన్న పాదంలా.

"రెండోది. మేడమ్, ఇంకు ఆరింది."

ర్యాంపు మొదట్లో జీపు అడ్డం తిరిగింది. లారీ బంపర్ జీపు తలుపును రాసుకుంటూ ఆగింది. డ్రైవర్ చెయ్యి సీటు కిందికి పోయింది. జాషువా బైక్ వదిలేసి ఉరికి, ఆ చెయ్యి తుపాకీతో బయటికి వచ్చే లోపల తలుపు దాని మీద వేశాడు. వెనక పెట్టెల్లో నీళ్ల లేబుళ్లతో సీసాలు నిండుగా ఉన్నాయి. వాటిలో ఉన్నది నీళ్లు కాదని లేబొరేటరీ ఆ తర్వాత చెప్పింది.

అందుకోసం అతను ఆగలేదు. జీపు కంటే ముందే ప్రెస్ చేరాడు.

మెషీన్ హాల్లో బుల్లిబాబు మోకాళ్ల మీదున్నాడు. కోత మెషీన్‌లో కాగితం కట్టల్ని అదిమి పట్టే ఇనుప పట్టీ కింద అతని కుడి చెయ్యి మణికట్టు దాకా ఇరుక్కుంది. కత్తి ఇంకా పైనే ఉంది. దాని బటన్ పక్కన తేజస్వి స్టూలు మీద కూర్చుని ఉంది. లిప్‌స్టిక్ చెదిరింది. పెదవి చిట్లింది.

"లారీలు కదిలినయని ఫోనొచ్చింది. మెషీన్ చూస్తనని కిందికొచ్చిండు," అంది. "చూపించిన."

"మీరెవరు మేడమ్?"

"నీ అసోంటిదాన్నే. వేరే విభాగం. ముఠాలోకి నన్ను పంపింది సోమయ్య. నేనెవరో ఆయనొక్కడికే ఎరుక. ఆయన పోయినంక నేను మనోళ్ల మనిషినని చెప్పెటోళ్లు ఎవ్వరు లేరు." ఆమె గొంతు తడబడలేదు. "నువ్వు రాఘవేందర్ అన్నవు గానీ, అన్నం ముందట కండ్లు మూస్కుని ప్రార్థన చేస్తవు. పేరు దొంగదని మొదటి దినమే తెలిసింది. ఎవరి మనిషివో తెల్వలే. అయినా నేర్పిన. నా మాట సమజయ్యెటోళ్లు ఒక్కరన్న ఉండాలె గదా."

జీపు వచ్చింది. మాధవీలత ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. జాషువా చెప్పిందంతా వింది. "నువ్వు చెప్తే చాలదు. విచారణ జరగాలి," అంటూ తేజస్వికి దారి చూపించింది.

జాషువా జీపు దాకా నడిచాడు. "మీ అసలు పేరేంది?"

ఆమె ఎక్కుతూ ఆగింది. "అది సోమయ్యకు తెలుసు," అంది. తలుపు పడింది.

*

తర్వాత ఫోన్‌లో మాధవీలత రెండు ముక్కల్లో తేల్చింది. తేజస్వి మాట నిజమే. ఆమెను ఇంకో చోటికి పంపేశారు. ఎక్కడికని అడగకూడదు. జాషువా కూడా కబురు వచ్చేదాకా గది దాటకూడదు, ఎవర్నీ కలవకూడదు. వృత్తిలో ఇది మామూలే. అతను సరేనన్నాడు.

గదిలో చేసే పనేం లేదు. చాయ్ పెట్టుకున్నాడు, చల్లారిపోయింది. రాఘవేందర్ పేరుతో వాడే రెండో ఫోన్‌లో తేజస్వి నంబర్ నొక్కితే ఆ నంబర్ లేదంది. ఢిల్లీ నుంచి అభినందన వస్తుందేమోనని విభాగం ఇచ్చిన మొదటి ఫోన్ కాసేపు చూశాడు. రాలేదు. అక్క దగ్గర్నుంచి ఫోన్ వచ్చే వీల్లేదు, ఆమె లెక్కలో అతను నడి సముద్రంలో ఉన్నాడు.

అలా ఉండగా రెండో ఫోన్ మోగింది. చిత్రలేఖ లేబుల్స్ కంప్యూటర్ దానంతట అదే పంపిన మెసేజ్. 'రాఘవేందర్ గారూ, మీరు డ్యూటీకి రావడం లేదు. కారణం తెలియజేయండి.'

అతను దాన్ని మూడుసార్లు చదివాడు. ఇన్నేళ్ల సర్వీసులో తాను కనిపించడం లేదని ఎవరైనా గమనించడం ఇదే మొదటిసారి, అది కూడా తనది కాని పేరుతో.