మేం ఆపిన ప్రోగ్రాం

బెల్లంపల్లిలో సీతాబాయి ఇంటి మేడమీద గది అద్దెకు తీసుకుని నేనూ లక్ష్మణ్‌రావూ కంప్యూటర్ క్లాసులు చెప్పేవాళ్ళం. తొంభై ఎనిమిది నాటి సంగతి. క్లాసులు అయిపోయాక మా సొంత పని మొదలయ్యేది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కోసం కొత్త డీబగ్గర్ రాస్తున్నాం. నడుస్తున్న ప్రోగ్రాంను మధ్యలో ఆపి, లోపల తప్పెక్కడుందో చూపించే సాధనం అది. పూర్తయితే కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇచ్చేయాలని లక్ష్మణ్ పట్టుదల.

"ఎక్కడెక్కడి మిషిన్లల్లనో మనం రాసింది నడుస్తది, మునీర్ భాయ్" అనేవాడు.

ఆ రోజు ముసురు పట్టింది. మధ్యాహ్నానికే గదిలో లైటు వేసుకోవాల్సి వచ్చింది. క్లాసులు లేవు. కిటికీ సందుల్లోంచి తడిసిన బొగ్గు వాసన వస్తోంది. ఆ వీధి కింద ఎప్పుడో మూసేసిన గని ఉంది. వానాకాలంలో ఆ వాసన మాకు మామూలే.

డీబగ్గర్ మొదటిసారి సరిగ్గా పనిచేసింది. మేం రాసిన చిన్న ప్రోగ్రాంను ఆపాం, మళ్ళీ నడిపించాం. లక్ష్మణ్ సంతోషం పట్టలేక నా వీపు చరిచాడు. తర్వాత మిషన్‌లో ఇంకా ఏమేం నడుస్తున్నాయో చూశాడు. వరుసలో చివరిది మాది కాదు. దానికి పేరు లేదు.

"గిదేంది? నువ్వు నడిపినవా?"

"లే. నేను ముట్టనే లే."

"జర ఆపి చూద్దాం."

"వద్దు లక్ష్మణ్" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. అప్పటికే ఎంటర్ కొట్టాడు.

ప్రోగ్రాం ఆగింది. వాన పడుతూనే ఉంది. తెర వైపే చూస్తున్న నేను వెంటనే గమనించలేదు...

లక్ష్మణ్ కదలడం లేదు.

వేలు ఎంటర్ మీదే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప పడటం లేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. ఊపిరి లేదు.

"లక్ష్మణ్... అరే, లక్ష్మణ్!"

భుజం పట్టి ఊపాను. బిగుసుకుపోయి ఉన్నాడు. చల్లగా... డాక్టర్ కోసం పరుగెత్తబోయి, తలుపు దగ్గర వెనక్కి చూశాను. తెరమీద ఆగిన ప్రోగ్రాం అలాగే ఉంది. పిచ్చి ఆలోచనే. అయినా తిరిగొచ్చి, అతని వేలు పక్కకు తీసి, కంటిన్యూ అని టైపు చేశాను. తొందరలో అక్షరాలు తప్పు పడ్డాయి. మళ్ళీ కొట్టాను.

నీళ్ళలో మునిగి తేలినవాడిలా లక్ష్మణ్ ఊపిరి లాగాడు. పడిపోకుండా పట్టుకున్నాను. నా చెవి దగ్గర గొణిగాడు.

"కింద... అందరు పని ఆపిండ్రు. నా దిక్కే చూసిండ్రు."

"ఎవరు?"

"తెల్వదు. పేరు అడిగిండ్రు."

"చెప్పినవా?"

"నా పేరు చెప్పలే." తర్వాత నా చొక్కా గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. "భయమైంది భాయ్... నీ పేరు చెప్పిన."

మిషన్ ఆపేశాను. అతన్ని కిందికి దింపి, రిక్షా ఎక్కించి ఇంటికి పంపించాను. లక్ష్మణ్ క్షేమంగానే ఇల్లు చేరాడు. ఇప్పుడు కరీంనగర్‌లో బడి పంతులు. ఆ డీబగ్గర్‌ను మాత్రం మేం మళ్ళీ ముట్టలేదు.

ఆ రోజు రిక్షా మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. వెనక నుంచి సీతాబాయి వచ్చింది.

"పలుకవేంది మునీరూ? లక్ష్మణ్‌రావు ఇందాకటి సంది పిలుస్తనే ఉన్నడు."

"ఆయన పోయిండమ్మా" అంటూ రోడ్డు వైపు చెయ్యి చూపించాను.

"అటు గాదు" అని, ఆమె వంటింటి గచ్చు వైపు చూపించింది.