హుసేనప్ప నడుము

2079 నాటికి బేతంచెర్ల గనుల్లో రాయి మోసే మనిషి లేడు. మోతంతా యంత్రాలదే. మనుషులు కుర్చీలో కూర్చుని వాటిని నడిపేవారు. అయినా నడుము నొప్పి పోలేదు. ఊళ్లో సగం మందికి ఉంది.

వ్యాయామం మేలా, మాటల వైద్యం మేలా, నరానికి కరెంటు పెట్టడం మేలా అని డాక్టర్ల మధ్య తగువు తెగలేదు. ఏ ఇద్దరి నొప్పీ ఒకటి కాదు. మరి పోల్చేదెలా? అందుకే డాక్టర్ విమలాక్షి నొప్పినకలు యంత్రం చేసింది. రోగి వెన్నులో, మెదడులో నొప్పి నడిచే దారిని, అంటే న్యూరల్ మ్యాప్‌ను, అది అచ్చు తీస్తుంది. ఆ అచ్చును ముగ్గురు ఆరోగ్యవంతులకు ఎక్కిస్తుంది. ముగ్గురిదీ ఒకే నొప్పి, ఒక్కొక్కరికి ఒక్కో వైద్యం. వాళ్లను మోతగాళ్లు అనేవారు.

అచ్చు ఇచ్చిన మనిషి హుసేనప్ప. రాతికోత యంత్రం నడిపేవాడు. ఇరవై ఏళ్ల నొప్పి. అచ్చు ఇచ్చిన నెలకు గుండె ఆగి పోయాడు. అతని నొప్పి మాత్రం ముగ్గురి నడుముల్లో బతికే ఉంది.

ఆరు వారాల్లో ముగ్గురికీ బాగా తగ్గింది. విమలాక్షికి అదే అంతు పట్టలేదు. ఆ మూడు వైద్యాలూ హుసేనప్పకు అంతకుముందే చేశారు. ఒక్కటీ పట్టలేదు.

ఇద్దరి అచ్చు తుడిచేశారు. తిరుపాలు ఒక్కడు మిగిలాడు. అప్పుడు వచ్చింది హుసేనప్ప భార్య మద్దమ్మ.

"మా ఆయన నొప్పి మోసేది నువ్వేనా నాయనా?"

"నేనేమ్మా. ఎల్లుండి తీసేస్తారు."

"ఒక మాట చెప్పు. నిజంగా ఉండెనా ఆ నొప్పి?"

తిరుపాలు చెయ్యి నడుము మీదికి పోయింది. పక్కనే విమలాక్షి చూస్తున్న తెర మీద, అతని నొప్పిని పదికి ఇంతని చూపే గీత రెండు నుంచి అయిదుకు ఎక్కింది.

"ఇరవై ఏండ్లు మూలుగుతాండె. నేను నమ్మల్యా. పనికి పోకుండా వేషాలేస్తాండావంటి. ఆయన పోయిన దినం గూడా అంటి."

గీత ఎనిమిది దాటింది.

"ఏమైంది తిరుపాలూ? వంగావా?" అంది విమలాక్షి.

"ల్యా మేడం. ఊరికే కూచ్చోనుండా."

మద్దమ్మ ఆగింది. గీత దిగింది. విమలాక్షి గీతనూ మద్దమ్మనూ మార్చి మార్చి చూసింది. హుసేనప్పకు ఇక్కడ చేసిన వైద్యం ఇంటికి పోయాక ఏమవుతూ వచ్చిందో ఆమెకు తెలిసింది.

"ఆ గీత ఏంది మేడం?" అంది మద్దమ్మ.

గీత మళ్లీ లేచింది.

"యంత్రం అప్పుడప్పుడూ అలాగే..."

"నాకు కండ్లు కనపడ్తాయి. నేను నోరు తెరిస్తే లేస్తాంది."

తిరుపాలు తల వంచుకున్నాడు.

మద్దమ్మ గొంతు తగ్గించి అంది. "అది తుడ్చొద్దండి. నాకు పెట్టండి."

"అరవై ఏళ్ల మనిషివి. ఎందుకమ్మా నీకు?"

"ఆయన్ది ఇంగేం మిగల్లేదు."

విమలాక్షి తుడవడం వాయిదా వేసింది కానీ, ఎక్కించడానికి మాత్రం వారం రోజులు వద్దంది. మద్దమ్మ వారం రోజులూ వచ్చి వరండాలో కూర్చుంది. ఎనిమిదో రోజు కాగితం మీద వేలిముద్ర తీసుకుని అచ్చు ఎక్కించారు.

"ఏ వైద్యం చేయమంటావు?"

"ఏదీ వద్దు."

ఆమెను ఒంటరిగా గదిలో కూర్చోబెట్టారు. విమలాక్షి, తిరుపాలు అద్దం ఇవతల నిలబడ్డారు. నొప్పి గీత రెండు దగ్గర ఉంది. ఆమె కాసేపు గోడ వైపు చూసింది. తర్వాత పెదవులు కదిలాయి. గీత నిటారుగా లేచింది. మద్దమ్మ నడుము పట్టుకుని ముందుకు వంగిపోయింది.

"ఏం మాట్లాడుతోంది? తిట్టుకుంటోందా?" అంది విమలాక్షి.

తిరుపాలు అద్దానికి చెవి ఆనించాడు.

"తిట్టడంల్యా మేడం. ఏమయ్యా, ఏమయ్యా అని పిలుస్తాంది."

గీత మెల్లగా కిందికి దిగింది. మద్దమ్మ ముఖం తుడుచుకుంది. నొప్పి పూర్తిగా తగ్గేదాకా ఆగింది. మళ్లీ పిలిచింది.