కోడికి పసుపు, కాలికి కారం

జయరావును కరిచింది కొడుకు కుక్క. ఇందులో వాదనేమీ లేదు. తేవద్దన్నది తండ్రి, తెచ్చింది కొడుకు. కట్టి ఉంచమన్నది తండ్రి, గొలుసు విప్పింది కొడుకు. పిక్క ఊడి మంచాన పడ్డది తండ్రి, "ఒక్క కోడి కోసం కుక్క నోటికి కాలు అందిస్తావా, బుద్ధుందా నీకు? పది కోళ్లు కొనిస్తా!" అని కూలీలందరి ముందూ అరిచింది కొడుకు. ఆ క్షణం నుంచి జయరావు ప్రసన్నకుమార్‌తో మాట్లాడలేదు. మాట్లాడే ఉద్దేశమూ లేదు.

ఆ రోజు కూడా మామూలుగానే తెల్లారింది. వసారాలో నులక మంచం మీద, కట్టు కట్టిన కాలిని దిండు మీద పెట్టుకుని జయరావు పడుకుని ఉన్నాడు. మంచం పక్కన వెదురు గంపలో, పాత చీర ముక్క మీద శారమ్మ కూర్చుని ఉంది. ఇంటి వెనక కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు, గాలి తిరిగినప్పుడల్లా వసారాలోకి వచ్చి పోతోంది. అది తగిలి జయరావు తుమ్మాడు. శారమ్మ తల ఎత్తి చూసింది.

"మావయ్యా, జావ" అంటూ కోడలు స్తుతి గ్లాసు పెట్టింది.

"ముందు దానికి పెట్టు."

"దానికెప్పుడో పెట్టాను. నానబెట్టిన నూకలు, మజ్జిగ. మీకన్నా అదే నయం, పెట్టింది పెట్టినట్టు తింటోంది."

శారమ్మ గోధుమరంగు నాటు పెట్ట. ఆ పేరు పెట్టింది జయరావు భార్య రెబ్కా. ఈడొచ్చి ఎన్నాళ్లయినా గుడ్డు పెట్టడం లేదని ఒక ఆదివారం జయరావు కత్తి నూరాడు. "ఆగయ్యా, బైబిల్లో శారమ్మకి ముసలితనంలో కొడుకు పుట్టలేదూ? దీనికీ టైమొస్తుంది" అని రెబ్కా అడ్డం పడింది. ఆ వారమే అది గుడ్డు పెట్టింది. చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు రెబ్కా ఆ సంగతి వీధి వీధంతా చెప్పింది. తర్వాత ఆమె మంచాన పడితే మంచం కిందే కూర్చుంది ఆ కోడి. ఆమె పోయాక మంచం మారలేదు, కోడి మారలేదు. మంచం మీద మనిషే మారాడు.

కుక్క వచ్చింది ఈ కాయల కాలంలోనే. కిందటేడు ఎండిన కాయ బస్తాలకెత్తి, తెల్లవారితే గుంటూరు యార్డుకి పంపాలనగా దొంగలు పడి బస్తాలు మోసుకుపోయారు. ఆ దెబ్బ నుంచి ఇల్లు ఇంకా తేరుకోలేదు. అందుకని ప్రసన్నకుమార్, మార్టూరు దగ్గర ఎవరో గ్రానైట్ రాళ్ల వ్యాపారి వదిలించుకుంటున్న దూడంత కుక్కని తెచ్చి కల్లంలో కట్టేశాడు. ఒక పొద్దున నీళ్లు పెడదామని దాని గొలుసు విప్పాడు. శారమ్మ కాయలు ఆరబోసిన పట్టా అంచున మిరప గింజలు ఏరుకు తింటోంది. కోళ్లకి కారం తెలియదు. కుక్క ఎగిరి దాని రెక్క పట్టుకుంది. జయరావు కుక్కను తన్నాడు. కుక్క కోడిని వదిలి ఆ కాలే పట్టుకుంది.

ఆ గొడవ సద్దుమణిగాక జయరావు చేసిన మొదటి పని, వంటింట్లోకి కుంటుకుంటూ వెళ్లి గుప్పెడు కారం తీసి గాయంలో కూరడం. తన తాత అదే చేశాడు, తండ్రి అదే చేశాడు. మంట ఎంత పుడితే విషం అంత చచ్చినట్టని ఆ ఊళ్లో పుట్టినవాడికి వేరే చెప్పక్కర్లేదు. కోడికి మాత్రం కొబ్బరినూనెలో పసుపు రంగరించి, ఈకతో మెల్లగా రాశాడు.

మండలం ఆసుపత్రిలో నర్సు రాఘవమ్మ కట్టు విప్పి చూసి నోరు నొక్కుకుంది.

"కోడికి పసుపు, నీకు కారమా? మీ ఇంట్లో అదృష్టవంతురాలు కోడేనన్నమాట."

"కోడికి మంట పుడుతుంది కదమ్మా."

"మరి నీకు?"

"నేను ఓర్చుకుంటా."

"ఓర్చుకుందువుగాని రా" అని కుళాయి కింద కాలు పెట్టించి, సబ్బుతో ఆమె కడిగిన కడుగుడికి జయరావుకి పుట్టెడు తిట్లు గుర్తొచ్చాయి. తర్వాత సూదులు వేసింది. మిగతా సూదులకి తప్పకుండా రమ్మని స్తుతికి గట్టిగా చెప్పి పంపింది.

అప్పటినుంచి వసారా ఒక చిన్న ఆసుపత్రి అయింది. కారం పెట్టిన కాలు చీము పట్టింది. పసుపు రాసిన రెక్క పొడిగా పక్కు కట్టింది. జ్వరంతో జయరావు మూలుగుతుంటే కోడి గొంతులో ఏదో గొణిగేది. కోడి తినకుండా మెడ వాల్చేస్తే, జయరావు మంచం మీద నుంచి వంగి వేలితో మజ్జిగ చుక్కలు దాని ముక్కుకి అందించేవాడు. కొన్నాళ్లకి శారమ్మ గంప దిగి, వంకర నడకతో గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. జయరావుకి దాన్ని చూసి సంతోషమూ కలిగింది, కడుపూ మండింది. "నన్ను దాటిపోతున్నావే" అన్నాడు. మర్నాడు గోడ పట్టుకుని తనూ గుమ్మం దాకా వెళ్లాడు. దారిన పోయేవాళ్లు పలకరిస్తే కట్టు చూపించి, కథ మొదటి నుంచి చెప్పేవాడు. ఎవరి కుక్కో రెండుసార్లు చెప్పేవాడు.

కానీ రెండో విడత సూదికి వెళ్లలేదు. కుక్క ఈ ఇంటి నుంచి పోతేనే సూది వేయించుకుంటానని మొండికేశాడు.

జావ గ్లాసు ఖాళీ అయ్యేసరికి ప్రసన్నకుమార్ కల్లం నుంచి వచ్చాడు. ముక్కుకి తువ్వాలు, కుడి చేతికి గుడ్డ. కాయ తిరగేసేవాళ్లు చేతులు మండకుండా అలాగే చుట్టుకుంటారు. బండి తాళం ఎడం చేత్తో తీశాడు.

"నాన్నా, లే. రాఘవమ్మగారు మళ్లీ ఫోన్ చేశారు. ఎండెక్కకముందే వెళ్లొద్దాం."

జయరావు గంప వైపు తిరిగాడు. "శారమ్మా, ఎవరో పిలుస్తున్నారు. కుక్క గేటు దాటాకే నేను గేటు దాటతానని చెప్పు."

"కోడితో కబుర్లేంటి నాన్నా? నాతో చెప్పు."

"శారమ్మా, కుక్కల్ని పెంచేవాళ్లతో మనకి మాటల్లేవని చెప్పు."

గోడ అవతల తన కల్లంలో కాయ తిరగేస్తున్న నన్నే సాహెబ్ తల బయటపెట్టాడు. "చెప్పమ్మా శారమ్మా, గట్టిగా చెప్పు. మాకూ వినపడాలి."

"నీ పని నువ్వు చూసుకోరా సాయిబూ!"

"చూసుకుంటూనే వింటున్నాలేరా. చెవులకి పనేముంది?"

స్తుతి చీపురు కింద పడేసింది. "నవ్వులాటగా ఉందా మీకు? సూది మానేస్తే ప్రాణం మీదికొస్తుందని ఆవిడ ఫోన్లో చెప్పింది. ఆయన వైపు మాట మీకు, మీ వైపు మాట ఆయనకి, మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా తపాలా బంట్రోతునా? ఏవండీ, ఆ కుక్కని ఎవరికన్నా ఇచ్చెయ్యండి!"

"ఇచ్చేసి? కల్లంలో సంవత్సరం కష్టం ఉంది. ఇదీ పోతే తినేది మన్నా? నేనొక్కణ్ణే ఎన్నాళ్లు కాపలా కాయను?"

"నీకు కాయలే కావాలి" అన్నాడు జయరావు. ఎవరితోనో అన్నట్టు కాదు, సూటిగా కొడుకు ముఖం మీదే అన్నాడు. "పది కోళ్లు కొనిస్తానన్నావుగా? మీ అమ్మ చేతి గింజ తిని పెరిగిన ప్రాణం ఈ ఇంట్లో ఇదొక్కటే మిగిలిందిరా. కొనుక్కురా చూద్దాం, అట్లాంటిది పది!"

ప్రసన్నకుమార్ తువ్వాలు లాగి పారేశాడు. ముఖం మిరపకాయలాగే ఉంది.

"ఇదొక్కటేనా? నేను తినలేదా అమ్మ చేతి అన్నం?"

గోడ మీది తల లోపలికి పోయింది.

"అమ్మ పోయాక ఈ కోడితో మాట్లాడిన మాటల్లో సగం నాతో మాట్లాడావా? తిన్నావా అని ఒక్కనాడు అడిగావా? అరిచాను, నిజమే. కుక్క నిన్ను కింద పడేసి ఈడుస్తుంటే, రక్తం చూసి అరిచాను. బుద్ధుందా అన్నాను. ఇప్పుడూ అంటాను. నువ్వు కూడా పోతే..."

వంగి తండ్రి భుజాల కింద చేతులు వేశాడు. "నువ్వు రాకపోతే మోసుకుపోతా. లే!"

"ముట్టుకోకు!" అని జయరావు ఆ కుడి చేతిని పట్టుకుని బలంగా తోశాడు.

ప్రసన్నకుమార్ కెవ్వుమన్నాడు. మిరప మంటకి అరిచే అరుపు కాదది. జయరావు ఇన్నేళ్లుగా మిరప చేలో బతికినవాడు, ఆ తేడా తెలుసు. చెయ్యి వదల్లేదు. కొడుకు గుంజుకుంటుంటే మణికట్టు ఒడిసిపట్టి గుడ్డ విప్పాడు. బొటనవేలి మొదట్లో చెయ్యి ఉబ్బి నున్నగా మెరుస్తోంది. పంటి గాట్లలో ఎర్రగా గట్టిపడి ఉన్నది రక్తం కాదు. కారం.

"ఎప్పుడు?"

"నీ కాలు విడిపిస్తుంటే. దవడలు పట్టి విప్పాను."

"దేవా!" అని స్తుతి కూలబడిపోయింది. "నాకు కూడా చెప్పలేదేమండీ?"

"పగలూ రాత్రీ కల్లంలోనేగా, గుడ్డ చుట్టేసి తిరిగాను. నీకు చెప్తే నాన్నకి తెలుస్తుంది. నీ కుక్కే నిన్ను కరిచిందా, మంచి పనయిందంటాడు."

నిన్న తెలిస్తే జయరావు కచ్చితంగా అదే అనేవాడు.

"సూది?"

"కారం పెట్టాగా. చిన్నప్పుడు వీధి కుక్క కరిస్తే నువ్వూ అదే పెట్టావు. ఏమీ కాలేదు కదా."

ఇన్నాళ్లూ జయరావు, తన ప్రాణం తనది కాబట్టి దాన్ని ఒడ్డి పంతం ఆడుతున్నాననుకున్నాడు. ఆ పంతంలోకి కొడుకు ప్రాణం కూడా వచ్చి పడిందనీ, అది తన పక్కనే గుడ్డ చుట్టుకుని తిరుగుతోందనీ తెలియదు. కుంటికాలు నేలకి ఆనించాడు. నొప్పి నడుము దాకా లేచింది. నిలబడ్డాడు.

"సాయిబూ! నీ ట్రాలీ ఆటో తియ్యరా. బస్తాలుంటే దింపు."

"ఉన్నా పక్కకి నెడతాలే. రండి!"

జయరావు కొడుకు భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగాడు. కోడిని ఎవరు చూస్తారని అడగకుండా గేటు దాటడం అదే మొదటిసారి.

ఆసుపత్రిలో డాక్టరు ఇద్దరినీ కలిపి తిట్టాడు. ఆలస్యమైందన్నాడు. కుక్క ఇన్నాళ్లయినా బాగానే తింటోంది కాబట్టి దానికి పిచ్చి లేనట్టే, బతికిపోయారు, అయినా ఇకమీదట ఒక్క సూది కూడా తప్పకూడదన్నాడు. రాఘవమ్మ ప్రసన్నకుమార్ చేతిని కుళాయి కింద పెట్టి, ఆ గట్టిపడ్డ కారాన్ని సబ్బుతో కడగడం మొదలుపెట్టింది. అతని పళ్లు కరకరలాడాయి. జయరావు వెనకనుంచి అతని మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"నీక్కూడా ఈ కారం పిచ్చేనా? చదువుకున్నవాడివి, ఎవరు చెప్పారయ్యా నీకు?" అంది రాఘవమ్మ.

జయరావు కొడుకు వీపుకేసి చూశాడు.

"ఎవరూ చెప్పలేదండి. నా తెలివే" అన్నాడు ప్రసన్నకుమార్.

జయరావు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. సబ్బు నురుగు కంట్లో పడిందన్నాడు. పడలేదని స్తుతి చూసింది. కొంగు అందించింది.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాలీలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. చాలా దూరం వచ్చాక జయరావు అడిగాడు.

"తిన్నావా పొద్దున?"

ప్రసన్నకుమార్ తల అడ్డంగా ఊపాడు.

"చద్దన్నం ఉంటుంది. పచ్చడేసుకుని తిను. ఎడం చేత్తో తినలేకపోతే స్తుతి కలిపి పెడుతుంది."

"తినగలన్లే నాన్నా."

ఆ సాయంత్రం ప్రసన్నకుమార్ కల్లం మూలకి ఇనుప వల కట్టి, కుక్కని దాని లోపలికి మార్చాడు. జయరావు కుక్కని పంపెయ్యమని మళ్లీ అడగలేదు. దాన్ని క్షమించలేదు కూడా. అది మొరిగితే తలైనా తిప్పడు. తర్వాతి సూదులకి తండ్రీకొడుకులు ఒకే బండి మీద వెళ్లారు, ఒక్కటీ తప్పలేదు. కాలు మానింది కానీ కుంటు పూర్తిగా పోలేదు. శారమ్మకి రెక్క మీద కొత్త ఈకలు వచ్చాయి, పాతవాటి కన్నా ముదురు రంగులో. గుడ్డు మాత్రం పెట్టలేదు. ఎవరూ కత్తి నూరలేదు.

కాయ బస్తాలకెత్తి గుంటూరు పంపిన మర్నాడు నన్నే సాహెబ్ తన బావమరిది బాజీని వెంటబెట్టుకుని వసారాలోకి వచ్చాడు.

"ఏరా జయరావూ, మావాడికి నీ కుక్క కథ చెప్పరా. నేను చెప్తే నమ్మడం లేదు. నీ కొడుకు ఏమన్నాడు, నువ్వు కోడితో ఏం చెప్పించావు, అన్నీ మొదట్నుంచి..."

లోపల ప్రసన్నకుమార్ అన్నం తింటున్నాడు. కలుపుతున్న చెయ్యి ఆగిపోవడం జయరావు గుమ్మంలోంచి చూశాడు. ఆ బొటనవేలు ఇంకా పూర్తిగా వంగదు.

"ఏ కథ?" అన్నాడు జయరావు.

"అదేరా, నీ కొడుకు కుక్క నిన్ను..."

"మంచినీళ్లు తాగుతావా బాజీ? స్తుతీ, నీళ్లు పట్రామ్మా." తర్వాత నన్నే సాహెబ్ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "నువ్వు రోజూ రా, కూర్చో, కాఫీ తాగు. ఆ మాట మాత్రం ఈ వసారాలో ఎత్తకు. నా నోటి నుంచి ఇక రాదు. నేను పోయేదాకా రాదు."