చప్పుడు ఓడ

అంతర్వేది పల్లిపాలెంలో ఎవర్నడిగినా చెబుతారు... పొద్దుగూకాక చప్పుడు ఓడ దగ్గర లంగరు వెయ్యకూడదని.

ఎప్పుడో తుఫానుకి మునిగిన సరుకు ఓడ అది. పైకి ఏమీ కనబడదు. కానీ అక్కడ ఇంజన్ ఆపితే కింద నుంచి వినిపిస్తుందట — టంగ్... టంగ్... లోపల చిక్కుకున్నవాళ్ళు తలుపు తియ్యమని కొడుతున్నట్టు. ఆ చుట్టుపక్కల వల వేసినవాడు లేడు.

రాజోలు లాజరు మేస్టారి కూతురు బిందు విశాఖపట్నంలో స్కూబా డైవింగ్ నేర్పుతుంది. చిన్నప్పట్నుంచీ ఈ ఓడ పేరు చెబితేనే అన్నం తిన్న పిల్ల. మొన్న పుష్యమాసంలో, గోదారి నీరు తగ్గి సముద్రం కాస్త తేటపడ్డాక, తోటి డైవరు జయప్రకాష్‌ని వెంటబెట్టుకుని వచ్చేసింది. బోటు ముత్యాలరాజుది. దారిలో ఇంజన్ మొరాయించి, అక్కడికి చేరేసరికి పొద్దు వాలింది.

"చప్పుడైతే మాత్రం నేనుండనమ్మా," అన్నాడాయన ముందే.

"మమ్మల్ని వదిలేసా బాబాయ్ గారూ?"

ఇద్దరూ మాస్కులు తగిలించుకుని నీళ్ళలోకి దిగేరు.

నీళ్ళు మంచులా ఉన్నాయి. దిగుతున్నకొద్దీ పచ్చదనం పోయి నలుపొచ్చింది. ఆ నలుపులోంచి ఓడ... పక్కకి ఒరిగి, ఒళ్ళంతా గుల్లలు పట్టి, పడుకున్న ఏనుగులా.

టంగ్.

బిందు ఆగింది. లైటు తిప్పింది. ఒక్క మడతబందు మీద వేలాడుతున్న ఇనుప తలుపు అలకి ఊగి గోడకి తగులుతోంది. అంతే. ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చి ఆ తలుపుకి చుట్టుకున్న వలముక్క లాగి, తలుపు తెరిచి కదలకుండా కట్టేసింది. ఇదా ఇన్నాళ్ళ దెయ్యం?

జయప్రకాష్ బయట తాడు పట్టుకున్నాడు. రెండో కొస నడుముకి కట్టుకుని ఆమె లోపలికెళ్ళింది.

లోపల ఊరే ఉంది. పండుగప్ప చేపలు గుంపుగా తిరుగుతున్నాయి. గొట్టాల్లోంచి రొయ్యలు మీసాలు ఆడిస్తున్నాయి. ఓ మూల తల్లి ఆక్టోపస్... కప్పుకి వేలాడుతున్న గుడ్లని చేతులన్నిటితో పొదువుకుని, ఆమెనే చూస్తోంది.

బిందు దగ్గరికి జరిగింది. కాలికి తొడిగిన ఈతరెక్క అడుగున తగిలింది. ఒండ్రు లేచింది... లైటు కళ్ళముందే ఆరినట్టయింది. తాడు లాగింది. వదులుగా వచ్చేసింది. తుప్పు అంచుకి తెగిపోయింది.

ఎటు చూసినా ఒకటే బూడిద. ఊపిరి వేగం పెరిగింది. సిలిండర్లో గాలి ఊరికే అయిపోతోందని తెలుసు, ఆపుకోలేకపోతోంది. కాలికి కట్టుకున్న కత్తి పిడితో గోడ మీద కొట్టింది. టక్... టక్... టక్...

నిశ్శబ్దం.

అప్పుడు — జవాబొచ్చింది. డబ్... డబ్... డబ్...

ఎటునుంచో తెలీదు. కానీ ఎవరో ఉన్నారు. ఊపిరి నెమ్మదించింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ జవాబు. కదలకుండా ఉండిపోయింది. మెల్లిగా ఒండ్రు దిగింది... ఓ పక్కన తలుపు మేరకి జయప్రకాష్ లైటు వెలుగు, పచ్చగా.

పైకొచ్చి మాస్కు తీయగానే, "నువ్వు బదులు కొట్టకపోతే పోయేదాన్ని," అంది.

జయప్రకాష్ మొహం తెల్లబోయింది. "నేను కొట్టలేదు బిందూ. తాడు తెగగానే నీ కోసం వెతుకుతున్నాను. నాకూ వినబడింది."

ఇద్దరూ బోటు అంచు పట్టుకుని అలాగే ఉండిపోయేరు.

"నేనండీ," అన్నాడు ముత్యాలరాజు పైనుంచి. చేతిలో ఇంజన్ పానా ఉంది. "కింద వాళ్ళు కొట్టేరు కదా... పారిపోదామనుకున్నా. మీరుండిపోయేరు. అందుకే బోటు అడుగు మీద కొట్టి బతిమాలేను. మేస్టారి పిల్లండీ, పంపెయ్యండీ అని."

"ఆ కొట్టింది నేనే బాబాయ్ గారూ."

ఆయన తన చేతిలో పానాకేసి చూసేడు. తర్వాత బోటు అడుగున చతికిలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేడు. ఆమె తలుపు సంగతీ, లోపలి ఊరి సంగతీ, గుడ్ల సంగతీ అన్నీ చెప్పింది.

"రేపట్నుంచి ఊళ్ళో భయముండదు," అన్నాడు జయప్రకాష్.

ముత్యాలరాజు నవ్వు ఆపేడు. "దెయ్యం లేదంటే తెల్లారేసరికి వలలన్నీ ఇక్కడే పడతాయి బాబూ. మొదటిది నాదే..." కింద గుడ్లున్నవైపు చూసేడు. "చెప్పకండి."

ఒడ్డున ఆయన భార్య వరహాలమ్మ ఎదురొచ్చింది. గొంతు తగ్గించి అడిగింది — "కనబడ్డారా?"

"ఉన్నారే," అన్నాడాయన. "చాలామంది. పిల్లాజెల్లాతో."

వరహాలమ్మ గుండెల మీద చెయ్యేసుకుని బిందుకేసి చూసింది.

బిందు తడిజుట్టు పిండుకుంటూ, "ఆయ్," అని తలూపింది.